పదకొండు మంది కొరకు ఒక రైలు



జపాను దేశపు పడమటి భాగమున, హిరోషిమా సీమలోని కొండల నడుమ, సముద్ర మట్టమునకు సుమారు 450 మీటర్ల ఎత్తున బింగో ఓచియాయి అను చిన్న రైల్వే జంక్షను కలదు. బింగో అనునది ఆ ప్రాంతమునకు పాత పేరు. ఓచియాయి అనగా నీళ్ళు వచ్చి కలిసే చోటు. పేరుకు తగినట్లే అక్కడ రెండు రైలు మార్గములు కలుస్తాయి. ఒకటి హిరోషిమా నుండి తూర్పునకు పోయే గేబి లైను. రెండవది అక్కడి నుండి ఉత్తరపు కొండలు దాటి షింజి వరకు 81.9 కిలోమీటర్లు సాగే కిసుకి లైను.

ఈ స్టేషను 1935లో తెరిచారు. 1937లో కిసుకి లైను వచ్చి కలిసింది. ఆవిరి ఇంజన్ల కాలములో వందకు పైగా ఉద్యోగులు ఇక్కడ పనిచేశారు. హిరోషిమా నుండి ఉత్తర తీరమునకు వెళ్ళే 'చిదోరి' అను ఎక్స్‌ప్రెస్ ఒకప్పుడు ఈ దారినే పోయేది. ఇప్పుడు స్టేషనులో సిబ్బంది లేరు. ఇంజన్లను త్రిప్పే చక్రవేదిక పట్టాల ప్రక్కన ఊరకనే ఉన్నది. ఒకప్పుడు రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసుకున్న మనిషి ఒకరు జీతము లేకుండ వచ్చి, స్టేషనును శుభ్రపరచి, దిగినవారికి దాని కథ చెబుతూ వచ్చారు. రోజుకు కొన్ని బండ్లు మాత్రమే వస్తాయి, అవి కూడ ఒకటి రెండు పెట్టెలవే.

ఇక లెక్క చూద్దాము. ఈ జంక్షనుకు తూర్పున తోజో వరకు 25.8 కిలోమీటర్ల ముక్క ఉన్నది. 2019వ సంవత్సరపు లెక్క ప్రకారము ఆ ముక్కలో సగటున రోజుకు ప్రయాణించినవారు 11 మంది. 1987లో ఆ సంఖ్య 476. 2017 నుండి 2019 వరకు సగటు తీస్తే, 100 యెన్‌ల రాబడికి 25,416 యెన్‌లు ఖర్చయినవి.

ఇప్పుడు ప్రశ్న ఏమనగా, పదకొండు మంది కొరకు ఇంత ఖర్చు పెట్టుట న్యాయమా?

లెక్కలు చూసేవారి మాటను ముందు సరిగా విందాము. వారిని కఠినులని అనుట తేలిక. కాని ఆ నష్టమును భరించే సొమ్ము ఆకాశము నుండి రాదు. జపాను ప్రభుత్వ రైల్వే 1987లో విడిపోయి కంపెనీలు అయినది. ఈ లైనును నడిపే జె.ఆర్. వెస్ట్ కంపెనీ, ఒసాకా వంటి నగరములలో ప్రతి ఉదయము క్రిక్కిరిసిన బండ్లలో నిలబడి పనికి పోయేవారి టిక్కెట్టు డబ్బుతోనే కొండలలోని నష్టమును పూడ్చవలెను. వారిలోను బీదలున్నారు. ఒకరి మీద చూపే దయకు ఇంకొకరు వెల చెల్లిస్తున్నప్పుడు, ఆ చెల్లించేవారిని మరచి మాట్లాడుట న్యాయము కాదు. చిన్న బస్సు ఆ పదకొండు మందిని తక్కువ ఖర్చుతో చేర్చగలిగితే, రైలే కావాలని పట్టుబట్టుటకు కారణము చూపవలెను.

అయితే ఆ పదకొండు అను సంఖ్యను కూడ ప్రశ్నించవలెను. అది ఎలాగు వచ్చింది? మంచి రోడ్లు పడ్డాయి, ఇంటింటికి కారు వచ్చింది, పడుచువారు పట్టణములకు పోయారు. ఇవి ఎవరి తప్పు కాదు. కాని బండ్లు తగ్గినకొద్దీ ఎక్కేవారు తగ్గుతారు, ఎక్కేవారు తగ్గినకొద్దీ బండ్లు తగ్గుతాయి. రోజుకు మూడు బండ్లే ఉన్న చోట వైద్యుని చూచుటకు పోయిన ముసలమ్మ తిరుగు బండి కొరకు ఎంతసేపు కూర్చుంటుంది? కాబట్టి ఆ సంఖ్య కొంత వరకు ప్రజల ఇష్టమును చూపుతున్నది, కొంత వరకు మనము వారికి ఇచ్చినదానినే తిరిగి చూపుతున్నది. ఆ రెండింటిని వేరుచేయకుండ తీర్పు చెప్పరాదు.

ఇంకొక మాట. ఈ స్టేషను అంటే ముచ్చటపడి దూరము నుండి వచ్చి ఫోటోలు తీసుకొనేవారు చాలామంది ఉన్నారు. వారి ప్రేమ నిజమైనదే. కాని సంవత్సరమునకు ఒకసారి వచ్చేవాని ముచ్చట, ప్రతి దినము బడికి పోయే పిల్ల అవసరమునకు సమానము కాదు. పాతది పోతుందన్న బాధ ఒకటి, మనిషికి దారి పోతుందన్న బాధ మరొకటి. మొదటిదాని కొరకు ఇతరుల సొమ్ము అడుగుటకు మనకు హక్కు తక్కువ. రెండవదాని కొరకు అడుగవచ్చును, అడుగవలెను కూడ.

దీని నుండి ఒక కొలత దొరుకుతుంది. ఆ కొండ ఊళ్ళవారికి సమాజము బాకీ ఉన్నది పట్టాలు కాదు, దారి. రైలు ఆగిన తరువాత కూడ కారు నడుపలేని వృద్ధుడు ఆసుపత్రికి, విద్యార్థి బడికి, చలికాలపు మంచులో సహితము చేరగలిగితే బాకీ తీరినట్టే. చేరలేకపోతే ఎన్ని లెక్కలు చూపినను తీరదు. బస్సు పెడతామని చెప్పి నాలుగేండ్ల తరువాత దానినీ తీసివేస్తే అది మోసము.

తొందర కూడ పనికిరాదు. ఇదే ప్రాంతములోని 108 కిలోమీటర్ల సాంకో లైను 2018 మార్చి 31తో నిలిచిపోయింది. మూసిన లైను తిరిగి తెరచుట బహు అరుదు. హిరోషిమా దగ్గర 2003లో మూసిన కాబె లైను భాగములో 1.6 కిలోమీటర్లు 2017లో మరల తెరిచారు. అక్కడ నగరము పెరుగుట చేతనే అది సాధ్యమైనది. కొండలలో అటువంటి ఆశ లేదు.

2023 అక్టోబరులో అమలులోకి వచ్చిన చట్ట సవరణ ప్రకారము, బింగో ఓచియాయి మీదుగా పోయే 68.5 కిలోమీటర్ల గేబి లైను భాగము సంగతి తేల్చుటకు ఒక సమితి ఏర్పడినది. అటువంటి సమితి ఆ దేశములో ఇదే మొదటిది. దాని తొలి సమావేశము 2024 మార్చిలో జరిగింది. కేంద్ర ప్రభుత్వము, స్థానిక ప్రభుత్వములు, కంపెనీ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. ఏ తీర్పు వచ్చినను, నష్టపోయేవారి మాట విని ఇచ్చినదా లేదా అన్నది ముఖ్యము. కొద్దిమంది కోరినదెల్లా ఇవ్వలేకపోవచ్చును. వారు కొద్దిమందే గదా అని వారిని అడుగకుండ తేల్చుటకు మాత్రము ఎవరికిని అధికారము లేదు.

మన సంఘములలో, కుటుంబములలో, ఒకరిద్దరి కొరకే నడుస్తున్న పని ఏదైన ఉంటే, దానిని ఆపే ముందు ఈ కొలతతో చూచుట మేలు. పాఠకులు ఆలోచింతురు గాక.