నేరానికి నిర్వచనం ఎవరిది?

చట్టం నిషేధించినదే నేరమని విద్యార్థులకు చెప్పి ఊరుకోవడం నాకు సులువే. కాని ఆ చట్టాన్ని ఎవరు, ఎవరి ప్రయోజనం కోసం చేశారన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది.

రైన్‌లాండ్ శాసనసభ, అడవిలో రాలిన ఎండుపుల్లలు ఏరుకోవడాన్ని కూడా దొంగతనం కింద జమకట్టబూనింది. ఆ చర్చను 1842లో యువకుడైన మార్క్స్ పత్రికాముఖంగా తూర్పారబట్టాడు. ఇక్కడ 1882 నాటి మద్రాసు అటవీ చట్టం అదే దారి తొక్కింది. తరతరాలుగా పోడు కొట్టుకొని, కట్టెలు తెచ్చుకొని బతికిన మన్యం ప్రజలు రిజర్వు హద్దులు గీసేసరికి నేరస్థులైనారు. వారి నడవడి మారలేదు. అడవికి యజమాని మారాడు. వారి హక్కులను గుర్తించకపోవడం చారిత్రక అన్యాయమని 2006 నాటి అటవీ హక్కుల చట్టం తన పీఠికలోనే ఒప్పుకొన్నది.

అయితే నేరమన్నదంతా పాలకవర్గపు కల్పనేనా? కాదనే నా అభిప్రాయం. హత్య, అత్యాచారం ఏ చట్టమూ లేకున్నా నేరాలే. పేదవాని కుండలో గంజిని అపహరించడమూ నేరమే; అక్కడ ఒక మనిషి పస్తుంటాడు. ఎండుపుల్ల ఏరుకొంటే పస్తున్నవాడెవడు? ఏ చట్టాన్నయినా మొదట ఈ ప్రశ్నే అడుగుదాం. జవాబు చెప్పలేని చట్టాన్ని పాటించడం కన్న, మార్చడమే పౌరధర్మం.