గడియ పెట్టుకోవడం నేరమా?

సింహాచలం అప్పన్న ఏడాది పొడవునా చందనం కప్పుకునే ఉంటాడు. వైశాఖ శుద్ధ తదియ ఒక్కనాడే నిజరూపం చూపిస్తాడు. మిగిలిన రోజుల్లో 'చందనం కింద ఏం దాచావు?' అని ఆయన్ని ఎవరూ నిలదీయరు. కప్పుకోవడం ఆయన మర్యాద. అదే కొండ కింద ఒక ముస్లిం కుర్రాడు కంప్యూటర్లో లినక్స్ వేసుకుని, డిస్కుకు తాళం పెట్టుకుని, టార్ బ్రౌజర్ వాడితే మాత్రం మొదట పుట్టే ప్రశ్న: 'ఏం దాస్తున్నాడు?'

మనవాళ్ల దగ్గర ఒక జవాబు తయారుగా ఉంటుంది: 'దాచడానికేమీ లేదు సాబ్, చూసుకోండి.' ఈ జవాబే నన్ను భయపెడుతుంది. దేశభక్తికి రుజువులు చూపించీ చూపించీ, జేబులు తిరగేసి చూపడమే నిజాయితీ అనుకునే స్థితికి వచ్చాం.

అందరూ అలా లేరు. 2021 మేలో, లాక్‌డౌన్ రోజుల్లో, హైదరాబాద్‌లో సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను పోలీసులు ఆపి మాస్కు తీయమన్నారు. తీయనన్నా ఫోటో తీసుకున్నారు. ఆయన ఊరుకోలేదు. ముఖాలను గుర్తుపట్టే యంత్రాంగం మీద తెలంగాణ హైకోర్టుకెళ్లాడు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. గోప్యత ప్రాథమిక హక్కేనని పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24నే చెప్పి ఉన్నారు.

నేరస్థులూ ఇవే వాడతారు కదా అంటారు. వాడతారు. విశాఖ పోర్టుకు కంటైనర్లు సీలు వేసుకునే వస్తాయి. ఆధారముంటే ఆ కంటైనరును తెరుస్తారు. సీలు ఉండడమే ఆధారమని ఎవరూ అనరు.

లినక్స్ గూఢచారుల సరుకేమీ కాదు. 1991లో లినస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ విద్యార్థి మొదలుపెట్టిన పని అది. ఇవాళ ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ, అంటే మనల్ని అనుమానించేవాడి జేబులోనూ ఉంది. దాని కోడ్ ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు. తాళం ఎలా చేశారో లోకమంతటికీ తెలుసు. తాళంచెవి మాత్రం మన దగ్గరుంటుంది. అలాగని అది కెమెరా కంటికి మన ముఖం అందకుండా చేయలేదు. అందుకే తాళమూ కావాలి, కోర్టూ కావాలి.

ఇంతవరకూ ఒప్పుకునేవాళ్లు ఇక్కడ ఆగుతారు. నేను ఆగలేను. లినక్స్‌లో వాడేవాళ్లు ఒక్కొక్కరికీ ఒక 'హోమ్' ఉంటుంది, అంటే ఇల్లు. ఉబుంటులో ఒకప్పుడు అదే కంప్యూటర్ వాడే మిగతావాళ్లు ఆ ఇంట్లోకి తొంగిచూడగలిగేవాళ్లు. 2021 ఏప్రిల్లో వచ్చిన 21.04 నుంచి కొత్త ఇళ్లకు తలుపు ముందే వేసి ఉంటోంది. అయినా 'రూట్' అనే అధికారికి అన్ని తలుపులూ తెరుచుకుంటాయి.

మన ఇళ్లలో రూట్ ఎవరు? అబ్బా, భాయిజాన్, షౌహర్. పోలీసు మన ఫోనడిగితే రాజ్యాంగం గుర్తొస్తుంది. చెల్లెలి ఫోన్ లాక్కున్నప్పుడు ఖాందాన్ ఇజ్జత్ గుర్తొస్తుంది. రాజ్యం మనల్ని అడిగే ప్రశ్నే మనం ఆమెనడుగుతాం: 'ఏం దాస్తున్నావ్?' ఒకరి గుట్టు ఒకరు వెతకొద్దని సూరా హుజురాత్ చెబుతుంది. అనుమతి అడగకుండా, సలాం చెప్పకుండా ఇతరుల ఇళ్లలో అడుగుపెట్టొద్దని సూరా నూర్ చెబుతుంది. ఆడవాళ్ల ఒంటికి పర్దా కావాలనేవాళ్లు, ఆ పర్దాను వాళ్ల మాటలకెందుకివ్వరు?

అనుమానం మన గడపకు బయటినుంచి వచ్చిందే. దాన్ని ఇంట్లో పెంచుతున్నది మాత్రం మనమే. ఇంట్లో ఒకే కంప్యూటరుంటే చెల్లెలికి వేరే లాగిన్ పెట్టండి. పాస్‌వర్డ్ ఆమె వేసుకుంటుంటే ముఖం పక్కకు తిప్పుకోండి. రూట్ పాస్‌వర్డ్ ఎవరి చేతిలో ఉండాలో ఆమెతో కలిసి తేల్చుకోండి. గడియ పెట్టుకునే హక్కు మనకుందని అప్పుడు గొంతెత్తి అడుగుదాం.