వెనక్కి నడిచే అయిదు రోజులు

కార్తీక అమావాస్య నాటికి పల్నాట పత్తి విచ్చుకుని ఉంటుంది. నాపరాళ్ల గోడల మధ్య దారుల్లో ఎక్కడెక్కడి ఊళ్లనుంచో వీరులను కొలిచే ఆచారవంతులు కారెంపూడికి బయల్దేరతారు. భుజాన కొణతాలు. అవి ఉత్త ఆయుధాలు కావు, వీరులే. నాగులేట్లో వాటికి స్నానం చేయించి, పసుపూ కుంకుమా అద్ది, వీర్లగుడికి మోసుకొస్తుంటే, ఎనిమిది వందల ఏళ్ల కిందట పల్నాటి యుద్ధంలో పడిపోయినవాళ్లు లేచి నడిచి వస్తున్నట్టే ఉంటుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఉత్సవం అయిదు రోజుల పేర్లూ చిన్నప్పుడే నోటికొచ్చేశాయి. ఆ వరసలో ఉన్న వింత మాత్రం చాలా ఏళ్లకు గానీ తట్టలేదు. కథలో ముందు జరిగింది కోడిపందెం. గురజాల నలగామరాజు మంత్రి నాగమ్మ పన్నిన మాయకు, మాచర్ల మలిదేవుల మంత్రి బ్రహ్మనాయుడి పుంజు చిట్టిమల్లు ఓడింది, మలిదేవుల పక్షం మాచర్ల వదిలి ఏడేళ్లు వలస పోయింది. ఆ వలసలోనే మండాది దగ్గర ఆలమంద మీద దాడి, మందను కాస్తున్న లంకన్న మరణం. గడువు తీరాక రాజ్యం అడగడానికి అలరాజు గురజాలకు రాయబారం వెళ్లాడు. తిరుగుదారిలో అతనికి విషం పెట్టారు. ఆ తర్వాతే కారెంపూడి యుద్ధం.

ఉత్సవంలో రాచగావు అయ్యాక రాయబారం ముందు, మందపోరు దాని తర్వాత, కోడిపోరు ఆ తర్వాత. కాలం వెనక్కి నడుస్తుంది! విషం తాగి నేలకొరిగిన మనిషి దగ్గర మొదలుపెట్టి, పాపం ఎక్కడ మొలిచిందో వెతుక్కుంటూ, ఒక్కొక్క రోజూ ఒక్కొక్క నేరం దాటి, పుంజు కాలికి కత్తి కట్టిన ఆ పూట దాకా వెళ్లి చూసి వస్తుంది ఊరు ఊరంతా. చూసొచ్చాకే అయిదో నాడు కల్లిపాట్లో, ఆ యుద్ధంలో, అడుగు పెడుతుంది. ఈ వరస ఎవరు పెట్టారో గానీ, ఆ ఊహకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

కాలయానం అనగానే మనకు 1991 నాటి ‘ఆదిత్య 369’ గుర్తొస్తుంది. వజ్రం కోసం తిరిగే దొంగలూ, రాయలవారి కొలువూ. ఆ సినిమా అంటే నాకు ఇష్టం. కానీ అందులో వెనక్కి వెళ్లడానికి యంత్రం కావాలి. కారెంపూడికి ఒక పంబ చాలు.

ఆ పంబ మోగించేవాళ్లు వీరవిద్యావంతులు. ఒక్క రాత్రికి ముగిసే కథ కాదు వాళ్లది. ఒకరు బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడి బొంగరం దగ్గర ఆగుతారు. ఇంకొకరు అతని భార్య మాంచాల గడపలో నిలబెట్టి మనల్ని ఏడిపిస్తారు. మరొకరు, తనను వెనక్కి పంపి బాలచంద్రుడు యుద్ధానికి వెళ్లిపోయాడని తెలిసి ప్రాణం తీసుకున్న అనపోతు దగ్గర గొంతు తగ్గిస్తారు. 1987లో అమెరికాలో జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ పదిమంది రచయితలను కూడగట్టి, ఒకే లోకంలో తలా ఒక వీరుడి కథ రాయించి ‘వైల్డ్ కార్డ్స్’ మొదలుపెట్టాడు. మంచి ఊహే. మన అరవై ఆరుగురు వీరుల లోకాన్ని మాత్రం ఎన్ని తరాల గొంతులు పంచుకున్నాయో! ‘క్రీడాభిరామం’ నాటికే ఓరుగల్లు వీధుల్లో పల్నాటి కథ పాడుతున్నారు. శ్రీనాథుడి పేర ద్విపద ఉంది, అక్కిరాజు ఉమాకాంతం దాన్ని అచ్చు వేయించారు. జీన్ రోఘైర్ అనే అమెరికన్ ఇక్కడికొచ్చి, అలిసెట్టి గాలెయ్య నోటి నుంచి కథంతా విని, 1982లో ఇంగ్లిషు పుస్తకంగా తెచ్చాడు. ఇంతమంది చేతులు పడ్డా బాలచంద్రుడు బాలచంద్రుడే, నాగమ్మ నాగమ్మే.

మందపోరు నాటి చాపకూడు గురించి చెప్పకపోతే నాకు అన్నం సయించదు. పరిచిన చాప ఒకటే, వడ్డించే కూడు ఒకటే, కూర్చున్నవాళ్ల కులం ఎవరూ అడగరు. పన్నెండో శతాబ్దంలో బ్రహ్మనాయుడు మాలవాడైన కన్నమదాసును కొడుకుగా చూసుకుని సేనాపతిని చేశాడని కథ చెబుతుంది. ఆ బంతిలో కూర్చుని మొదటి ముద్ద ఎత్తినప్పుడు, నేను వెనక్కి వెళ్లానో, ఎప్పటికో రావాల్సిన రోజులోకి ముందే వచ్చి కూర్చున్నానో తేల్చుకోలేకపోయాను. పక్కనున్న ముసలాయన నా విస్తట్లోకి కూర జరిపి, “తిను అయ్యా” అన్నాడు.

కల్లిపాడు అయ్యాక జనం పలచబడతారు. ఒక ఏడు మా నాయనమ్మ అక్కడి నుంచి నన్ను గుత్తికొండ బిలానికి తీసుకెళ్లింది. యుగాలపాటు నిద్రపోయిన ముచికుందుడు అక్కడే లేచాడంటారు. యుద్ధం అయ్యాక, నలగామరాజుకే రాజ్యం అప్పగించి, బ్రహ్మనాయుడు తపస్సుకు వెళ్లింది కూడా ఆ చీకట్లోకే. మెట్లు దిగుతుంటే చల్లగా తేమ తగిలింది. నేను గట్టిగా మాట్లాడబోతే నాయనమ్మ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

“మెల్లగా నాయనా. బ్రహ్మన్న లోపల ఉన్నాడు.”