మోసినవాని దుఃఖము

ధ్యానభాగములు: మార్కు 2:1–12, లూకా 10:25–37, అపొ. కార్యములు 8:2



రోగిని ఆసుపత్రికి చేర్చవలెనని బయలుదేరినవాడు, ఆ రోగి త్రోవలోనే కన్నుమూసినయెడల, ఆ మరణమునకు ఎంతవరకు ఉత్తరవాది? ఇది పండితులు తీరికగా చర్చించుకొను ప్రశ్న కాదు. పాలకొండవైపు నుండి మన ఆమదాలవలస మీదుగా శ్రీకాకుళమునకు రాత్రింబగళ్లు పరుగెత్తు అంబులెన్సులో కూర్చున్న మనిషి, బండి ఖాళీయైన తరువాత తనలో తాను వేసికొను ప్రశ్న. అట్టి పనివారు మన మధ్యనే ఉన్నారు. ఆదివారమున మన ప్రక్కనే కూర్చుందురు. వారు ఏమి మోయుచున్నారో మనము అడుగము, వారు చెప్పరు.

ముందుగా వారి పని యెట్టిదో తెలిసికొందము. మన రాష్ట్రములో 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న ఆరంభమాయెను. బండిలో సాధారణముగా ఇద్దరే ఉందురు. ఒకరు పైలటు అని పిలువబడు డ్రైవరు, మరియొకరు ప్రథమచికిత్స చేయు ఈ.ఎం.టి. గుండె ఆగిన మనిషికి నిమిషమునకు 100 నుండి 120 సార్లు, రొమ్ము మధ్యను, సుమారు రెండు అంగుళముల లోతుకు అదుమవలెను. కదలుచున్న బండిలో, గతుకుల రోడ్డుమీద, ఒక ప్రక్క తల్లి కేకలు వేయుచుండగా ఈ పని చేయుట ఎంత కష్టమో తలంచుడి. ఆసుపత్రి వాకిట డాక్టరు చేయి పట్టి చూచి తల అడ్డముగా ఊపును. అంతటితో ఆ రోగితో వీరి పని తీరెను. కాగితము వ్రాయవలెను, స్ట్రెచరు కడుగవలెను. ఇంతలో ఫోను మ్రోగును, మరియొక గ్రామమున మరియొకరు ఎదురుచూచుచుందురు. ఏడ్చుటకు వేళ యేది?

2023 అక్టోబరు 29వ తేదీ ఆదివారము సాయంకాలమున, విజయనగరం జిల్లాలో కంటకాపల్లి–అలమండ స్టేషనుల మధ్య, విశాఖపట్నం–పలాస ప్యాసింజరును వెనుకనుండి రాయగడ ప్యాసింజరు ఢీకొనెను. 14 మంది మరణించిరి. ఆ పలాస బండి మన శ్రీకాకుళం రోడ్డు స్టేషనుకు రావలసిన బండి. మనవారు ఎక్కి దిగు బండి. చీకటిలో విరిగిన పెట్టెలనుండి మనుష్యులను దింపి ఆసుపత్రులకు చేర్చినవారును ఉన్నారు గదా. పత్రికలు మృతుల సంఖ్యను ప్రకటించెను, అది న్యాయమే. అయితే మోసినవారు ఆ రాత్రి ఇంటికి పోయి ఏలాగు నిద్రించిరో ఏ పత్రికయు వ్రాయలేదు.

ఈ బాధకు లోకము రెండు మందులు చెప్పుచున్నది. ఒకటి, గుండెను రాయి చేసికొనుము, ఇది ఉద్యోగమే అనుకొనుము. రెండవది, ప్రతి మరణమును నీ లెక్కలో వ్రాసికొనుము, అదే మంచి మనస్సాక్షి. మొదటి మందు త్రాగినవాడు కొన్ని యేండ్లకు రోగిని మనిషిగా చూచుట మానివేయును. రెండవది త్రాగినవాడు కొన్ని నెలలలోనే విరిగిపోవును, లేక కల్లుదుకాణము త్రోవ పట్టును. ఈ రెండును కాని త్రోవ ఉన్నదా? వాక్యములో మనుష్యులను మోసిన ముగ్గురి సంగతులు చూతము.

మొదటిది, నలుగురు మోసిన పక్షవాయువు రోగి. జనము మూలముగా వాకిలి దొరకక, ఇంటి కప్పు విప్పి మంచమును దింపిరి. సీతంపేట కొండలలోని గూడెములనుండి రోగులను డోలీ కట్టి రోడ్డుదాక మోసి తెచ్చుట ఎరిగిన మనకు ఈ కథ దూరమైనది కాదు. ఆ నలుగురును బాగుచేసినవారు కారు, చేర్చినవారు. చేర్చుటకు చేయదగినదంతయు చేసిరి. రోగి లేచి నడిచెను, వారి పేరులైనను మనకు తెలియవు.

రెండవది, మంచి సమరయుడు. గాయములు కట్టెను, తన వాహనముమీద ఎక్కించెను, పూటకూళ్ల యింటికి చేర్చెను, రెండు దేనారములిచ్చెను. ఈ కథను ఎన్నిసార్లు వింటిమి! గాని ఒక సంగతి గమనించితిమా? ఆ గాయపడినవాడు బ్రదికెనో లేదో ప్రభువు చెప్పనేలేదు. ఒకవేళ ఆ రాత్రియే అతడు మరణించియుండిన, సమరయుడు మంచివాడు కాకపోవునా? పొరుగువాడెవడు అను ప్రశ్నకు జవాబు మారునా? మారదు. అతని మంచితనము గాయపడినవాని ప్రాణముమీద ఆధారపడలేదు, త్రోవలో ఆగుటయందే నిలిచెను.

మూడవది, స్తెఫను. భక్తిగలవారు అతని దేహమును సమాధిచేసి అతనికొరకు మిక్కిలి ప్రలాపించిరని లూకా వ్రాసెను. వారు విశ్వాసములేనివారు గనుక ఏడ్చిరా? కాదు. లాజరును లేపనైయున్న ప్రభువే సమాధియొద్ద కన్నీరు విడిచెను. కాబట్టి ఏడ్పు బలహీనత కాదు, పని చేతకానితనమునకు గుర్తును కాదు. మోసినవానికి ఏడ్చు హక్కు కలదు.

ఈ మూడింటినుండి ఒక భేదము తేటపడుచున్నది. బాధ వేరు, దోషము వేరు. ఈ రెండును ఒకే ముఖముతో రాత్రివేళ వచ్చును గనుక మనము ఒకటిని చూచి మరియొకటి అనుకొందుము. వాటిని విడదీయుటకు మూడు ప్రశ్నలు చాలును. పిలుపు వచ్చినప్పుడు జాగుచేయక బయలుదేరితినా? నేర్చినది నేర్చినట్లు చేసితినా? ఆ మనిషిని మనిషిగా చూచితినా? వీటిలో దేనికైనను "లేదు" అను జవాబు వచ్చినయెడల, దానిని దాచక పై అధికారితోను తోటి పనివారితోను చెప్పి దిద్దుకొనవలెను. దాచిన తప్పు మరియొక రోగిమీద పడును. మూడింటికిని "అవును" అని జవాబు వచ్చినయెడల, ఇంకను తన్ను తాను నేరస్థుని చేసికొనుట వినయము కాదు. ప్రాణమిచ్చుట తన చేతిలో ఉన్నదని తలంచుటయే అది.

శాస్త్రమును ఇదే సాక్ష్యమిచ్చుచున్నది. గొప్ప ఆసుపత్రులు గల ధనికదేశములలో సహితము, ఆసుపత్రి వెలుపల గుండె ఆగినవారిలో బ్రదికి ఇంటికి చేరువారు సుమారు పదిమందిలో ఒకరే. తక్కిన తొమ్మిదిమందిని మోసినవారు పని తెలియనివారా? కారు. చేయదగినదంతయు చేసినను తిరిగిరాని ప్రాణములు ఉన్నవి.

అయితే మృతుని బంధువులు కొందరు బండియొద్దనే కేకలు వేయుదురు, నిందింతురు. ఆ మాటలు గుండెలో ముల్లువలె నిలుచును. నిజముగా జాగు జరిగియుంటే వారి ఫిర్యాదును వినవలసినదే. అనేకసార్లు మాత్రము ఆ కోపము దుఃఖమునకు దొరికిన మొదటి వస్త్రము. దానికి అప్పుడే బదులు చెప్పనక్కరలేదు.

మరి బాధను ఏమి చేయవలెను? జెనీవా పట్టణపు వర్తకుడు హెన్రీ డ్యూనాంటును జ్ఞాపకము చేసికొందము. 1859 జూన్ 24న ఇటలీదేశములో సోల్ఫెరీనోయొద్ద జరిగిన యుద్ధమున వేలకొలది సైనికులు గాయపడి దిక్కులేక పడియుండిరి. అతడు డాక్టరు కాడు. సమీపమందలి కాస్టిలియోనే ఊరి స్త్రీలతో కలిసి దేవాలయములో పడియున్న క్షతగాత్రులకు నీళ్లిచ్చెను, గాయములు కడిగెను, చనిపోవువారు తమ ఇంటివారికి చెప్పిన మాటలు వినెను. అతని చేతులలో అనేకులు మరణించిరి. అతడు ఆ మరణములను మరువలేదు, వాటిక్రింద నలిగిపోనులేదు. 1862లో వాటినిగూర్చి పుస్తకము వ్రాసెను. దాని ఫలముగా 1863లో రెడ్ క్రాస్ పుట్టెను. మాటలలో పెట్టబడిన దుఃఖము ఇతరులకు మేలాయెను.

మనకాలమున అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయపు ఆసుపత్రిలో జోనథన్ బార్టెల్స్ అను నర్సు చిన్న అలవాటొకటి ఆరంభించెను. రోగి చనిపోయినప్పుడు అక్కడివారందరు ఒక నిమిషము మౌనముగా నిలుతురు. ఆ మనిషి ఒకరికి బిడ్డ, ఒకరికి ప్రియుడు అని తలంచుకొందురు, తమ శ్రమనుకూడ తలంచుకొందురు. దీనికి ఖర్చు లేదు. స్ట్రెచరు కడుగుటకు ముందు మన బండిలో ఇద్దరు అర నిమిషము అట్లు నిలువవచ్చును.

ఇక మన పాలు ఏమి? యోబు స్నేహితులు ఏడు దినములు నోరు మెదపక అతని ప్రక్కను కూర్చుండిరి. వారు చేసిన మేలు అదే, నోరు తెరచిన తరువాతనే చెడిరి. కాబట్టి అట్టి పనివాడు అలసి ఇంటికి వచ్చినప్పుడు "అంతా దేవుని చిత్తము, మరచిపో" అని త్వరపడి చెప్పకుడి. అన్నము పెట్టుడి. చెప్పినయెడల వినుడి. నెలలు గడచినను నిద్రపట్టక, పనికి పోవుటకు భయపడుచుండినయెడల డాక్టరుయొద్దకు తోడు వెళ్లుడి. అది సిగ్గుపడవలసిన సంగతి కాదు.

మరియొకటి కలదు. గుండె ఆగినవానికి ఊరకే గడచు ప్రతి నిమిషమును బ్రదుకు ఆశను తగ్గించును. అంబులెన్సు వచ్చులోగా రొమ్ము అదుముట మన యువజనులు నేర్చుకొనవచ్చును. పోలీసు కేసు అను భయమువలన ఆగకుడి. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము, 134ఎ సెక్షనులో, ప్రమాదమున సహాయము చేసినవారికి రక్షణ కల్పించుచున్నది. ఆ చట్టము వారికి పెట్టిన పేరే మంచి సమరయుడు!

త్రోవలో ఆగువారు ఎక్కువైనకొలది మోయువాని భారము తగ్గును. చేర్చుట మన పని, చేరినవానిని నిలుపుట మన చేతిలోనిది కాదు. ఈ సంగతి ఎరిగినవాడు ఏడ్చి, ముఖము కడుగుకొని, మరల ఫోను మ్రోగినప్పుడు లేచి వెళ్లగలడు.