గడ్డం నాది, తీర్పు ఊరందరికీ

రెండంచుల బ్లేడుతో గడ్డం గీసుకునే మగవాళ్ళు ఇద్దరు ఒకచోట చేరి బ్లేడుల మాట ఎత్తారంటే, మూడో మనిషి లేచి వెళ్ళిపోవడం మంచిది. ఒకరికి జపాన్ ఫెదర్ తప్ప తక్కినవన్నీ రేకు ముక్కలు. మరొకరికి ఫెదర్ అంటే గాట్లు, మంట. ఆస్ట్రా పచ్చ పొట్లాన్ని మించింది భూమ్మీద లేదు. టర్కీ డెర్బీ పేరు చెబితే మాత్రం ఇద్దరూ కలిసి నవ్వుతారు. అదే డెర్బీతో ఏళ్ళ తరబడి నున్నటి చెంపలతో తిరుగుతున్నవాళ్ళు ఉన్నారని ఇద్దరికీ తెలుసు. తెలిసీ నవ్వుతారు.

నేను ఆస్ట్రా మనిషిని. ఇష్టం అని చెప్పి వదిలేయొచ్చు గానీ, సంగతి ఇష్టాన్ని దాటిపోయి చాలాకాలమైంది. నాకు కాకరకాయ వేపుడు ఇష్టం; ఎదుటివాళ్ళు చేదంటే నాకేమీ కాదు, నా వాటా పెరుగుతుంది. నా బ్లేడును మా అక్క మొగుడు ‘మొద్దు సరుకు’ అన్న పూట మాత్రం మనసులో ఏదో గీరుకుంటూనే ఉంటుంది. అదేమిటో తేల్చుకుందామని కూర్చున్నాను.

మేమిద్దరం ఎందుకు ఒక మాట మీదికి రాలేమో నాకు తెలియక కాదు. తెలియకపోతే ఈ పట్టుదలకి కొంత మన్నింపు ఉండేది. బావది దట్టమైన గడ్డం, ముదురు వెంట్రుక. మూడు నాలుగు రోజులకోసారి గీస్తారు. నాది పలచన, రోజూ గీయాల్సిందే. పైగా నా మెడ మీద ఎడమ పక్కన వెంట్రుకలు సుడి తిరిగి చెవి వైపు అడ్డంగా పెరుగుతాయి. అక్కడ రేజరు ఎటు లాగినా ఏదో ఒక వెంట్రుకకి ఎదురు గీతే. ఆయన తలస్నానం చేసి, వేడినీళ్ళకి నానిన గడ్డానికి తీరిగ్గా సబ్బు పట్టిస్తారు. నేను నిద్రకళ్ళతో లేచి ముఖం కడిగీ కడగకుండానే బ్రష్షు తిప్పుతాను. ఎండు వెంట్రుక మొండిది. రెండు మూడు నిమిషాలు నీళ్ళు పీలిస్తే అదే వెంట్రుక సులువుగా లొంగుతుంది. ఆయన బ్లేడుకు ఎదురొచ్చేది మెత్తబడ్డ వెంట్రుక. నా బ్లేడుకు పాపం, మొండిది.

రేజరు దగ్గర తేడా ఇంకా ముదురుతుంది. రేజరు తలలో బ్లేడు ఎంత వంగి కూర్చుంటుంది, అంచు ఎంత బయటికి వస్తుంది, అంచుకీ కింద పట్టీకీ మధ్య ఎంత సందు ఉంటుంది, ఈ మూడూ మారితే అదే బ్లేడు మరో బ్లేడు అయిపోతుంది. బావ చేతిలో ఉన్నది వాళ్ళ నాన్నగారి నాటి జిల్లెట్ టెక్. సందు సన్నం, మహా సాధువు. అందులో ఫెదర్ బిగిస్తే కోరలు పీకిన పామే. నాది సందు పెద్దదైన, పళ్ళున్న రేజరు. అందులో అదే ఫెదర్ పెడితే కోరలు మళ్ళీ మొలుస్తాయి. ఈ సంగతి పక్కన పెట్టి ‘ఫెదర్ మంచిదా కాదా’ అని మేం గంటలు గంటలు వాదించుకున్నాం. అక్క వంటింట్లోంచి వింటూ ఉండేది.

బ్లేడు కూడా పైకి కనిపించేంత సాదా వస్తువేమీ కాదు. దాని మందం ఒక మిల్లీమీటరులో పదో వంతు. సుమారు 13 శాతం క్రోమియం ఉన్న ఉక్కు పట్టీని కాల్చి, చల్లార్చి, సానపట్టి, అంచు మీద క్రోమియమో ప్లాటినమో పూత వేసి, ఆపైన నాన్‌స్టిక్ పెనాల మీద ఉండే జాతి పూతే మరొకటి వేస్తారు. వెంట్రుకను పీక్కుండా జారేలా చేసేది ఆ చివరి పూత. మొదటి గీతకే అందులో కొంత వెనక్కి నెట్టుకుపోతుంది. అందుకే కొందరికి కొత్త బ్లేడు మొదటిరోజే బ్రహ్మాండం. కొందరు రెండోనాటిదే అసలు షేవింగ్ అంటారు. బాగా తెగడం వేరు, మెత్తగా పోవడం వేరు. బావ మొదటిదాన్ని మెచ్చుకుంటుంటే నేను రెండోదాన్ని మెచ్చుకుంటూ, ఇద్దరం ఒకే విషయం మాట్లాడుకుంటున్నామనుకున్నాం.

మా నాన్నకి ఈ బాధలేవీ లేవు. ఆయన రోజుల్లో కొట్టువాడు భారత్ ఇస్తే భారత్, టోపాజ్ ఇస్తే టోపాజ్. బ్లేడు కాస్త మందగిస్తే గాజు గ్లాసు లోపలి గోడకి వేలితో అదిమి ఇటూ అటూ రుద్దేవాడు. ఆ సన్నటి కిర్రు శబ్దం వరండాలోకి వినిపించేది. ఇక గడ్డానికి పనికిరాదనుకున్నాక అది మా పెన్సిళ్ళు చెక్కడానికి వచ్చేది, ఆ తర్వాత అమ్మ కుట్లు విప్పే డబ్బాలోకి. బ్లేడు గురించి ఆయన నోట మంచీ చెడూ నేను వినలేదు. సంయమనం అని చెప్పను; ఎంచుకోవడానికి రెండో రకం చేతిలో లేదు. 1962లో ఇంగ్లండు విల్కిన్సన్ స్వోర్డ్ స్టెయిన్‌లెస్ బ్లేడు తెచ్చాక ప్రపంచం చాలా మారింది. అంతకుముందు కార్బన్ స్టీలు బ్లేడును తుడిచి పెట్టకపోతే తెల్లారేసరికి తుప్పు పట్టేది. బ్లేడు నాలుగు రోజులు నిలిచాకే దాని గుణగణాల మీద కబుర్లు చెప్పుకునే తీరిక దొరికింది మగవాళ్ళకి.

ఒకసారి బావకీ నాకూ జరిగిన మాటలు ఇవి.

“బావా, నిజం చెప్పండి. ఫెదర్‌తో మంట లేదూ?”

“మంటెందుకురా? పటిక రాస్తే అదే సర్దుకుంటుంది.”

“అంటే మంట ఉందన్నమాట!”

“ఒరేయ్, పటిక రాస్తే ఎవడికైనా చురుక్కుమంటుంది. దాన్ని తెచ్చి నా బ్లేడు ఖాతాలో రాస్తావేంట్రా?”

నేను రాశాను. ఇప్పటికీ రాస్తూనే ఉన్నాను. ఆయన చెంప ఆయనకి ఏం చెబుతోందో ఆయనకన్నా నాకే బాగా తెలుసని నా ధీమా. తన బ్లేడు బాగుందని ఒక మనిషి చెబితే, నేను మొదట చేసే పని ఆ మాటలో దాచిన మంట కోసం వెతకడం. ఆయన అబద్ధమాడుతున్నాడని అనుకోను. ఆయన చర్మం మొద్దుదనో, అలవాటు పడిపోయిందనో, మెత్తటి గీత అంటే ఏమిటో ఇంకా రుచి చూడలేదనో అనుకుంటాను. అంటే నా చెంప సాక్షి, ఆయన చెంప ముద్దాయి. న్యాయమూర్తిని కూడా నేనే. ఆఫీసులో నా మాట చెల్లదు. ఇంట్లో ఏసీ ఎంత మీద పెట్టాలన్నదాని మీద కూడా నా ఓటుకి విలువ లేదు. నా చెంప మీద మాత్రం అప్పీలు లేని తీర్పు ఇచ్చే అధికారం ఉంది కదా అని, దాన్ని పక్కవాడి చెంప దాకా పొడిగించుకున్నట్టున్నాను.

ఈ పొడిగింపు పెద్ద పెద్ద కంపెనీలకీ తప్పలేదు. జిల్లెట్ వాళ్ళు మన దేశం కోసమని వెక్టర్ రేజరు తయారుచేసినప్పుడు, అమెరికాలో ఎం.ఐ.టి.లో చదువుకుంటున్న భారతీయ విద్యార్థుల చేత గీయించి చూశారు. బాగుందన్నారు వాళ్ళు. తీరా ఇక్కడ అమ్మితే నప్పలేదు. హాస్టల్ కుర్రాళ్ళకి కుళాయి ధారగా వస్తుంది, రేజరులో ఇరుక్కున్న వెంట్రుకలు ఆ ధారకి కొట్టుకుపోతాయి. ఇక్కడ కోట్లమంది నేల మీద కూర్చుని, చేతి అద్దం గోడకి ఆనించుకుని, ఒక్క చెంబు నీళ్ళతో గీసుకుంటారు. అప్పుడు మనుషుల్ని పంపి ఇక్కడి ఇళ్ళలో కూర్చుని చూడమన్నారు. 2010లో ఒకే బ్లేడుతో గార్డ్ వచ్చింది, రేజరు 15 రూపాయలు, మార్చుకునే బ్లేడు 5 రూపాయలు. విద్యార్థులు చెప్పిందీ నిజమే. వాళ్ళ కుళాయి కింద.

మా వీధి చివర సెలూన్ నడిపే ఆయన్ని అడిగితే ఒక్క ముక్కలో తేల్చేశారు: “బ్లేడు ఏదైతే ఏంది సార్, తోలు లాగి పట్టాలె, చెయ్యి తేలిగ్గ పెట్టాలె.” ఇలాంటి మాట విని పొంగిపోయి, అనుభవజ్ఞులకి బ్లేడుతో పనిలేదు అని రాసేసేవాణ్ణి. కానీ ఆయన చేతుల్ని చూశాను. కొత్త బ్లేడు తీసి, కాగితం విప్పకుండానే, నిలువునా మడిచి టక్కున విరిచారు. రెండు సగాలు. ఒకటి పిడికి ఎక్కించి, రెండోది కాగితంలోనే అద్దం ముందు పెట్టారు. విరిచినప్పుడు అంచు వంకర పోయిందని అంతకుముందు బ్లేడును పక్కన పడేశారు. ఆయనకీ బ్లేడుల మీద అభిప్రాయం ఉంది. తిన్నగా విరిగేదే ఆయన లెక్కలో మంచి బ్లేడు. నా కొలతలో ఆ గుణానికి మార్కే లేదు. తిరుమల కల్యాణకట్టలో ఇంకా హాయి. అక్కడ గుండు కోసం బారులు తీరిన జనంలో బ్లేడు ఏ కంపెనీదని అడిగిన భక్తుణ్ణి నేనింతవరకు చూడలేదు.

చెప్పకుండా దాటేద్దామనుకున్న సంగతి ఒకటుంది. నా వాదన విని విని విసిగి మా ఆవిడ ఒకరోజు అంది: “నేను బిగించి ఇస్తా. పేరు చూడకుండా గీసుకుని ఏది ఏదో చెప్పండి చూద్దాం.” అంతకన్నా న్యాయమైన పరీక్ష లేదు. “వద్దు, నీ వేలు తెగుతుంది” అన్నాను. ఉల్లిపాయలూ చేపలూ కోసే మనిషితో అన్నాను ఆ మాట. నా భయం వేలి గురించి కాదు. పచ్చ పొట్లం విప్పేటప్పుడే సగం సుఖం నాకు వచ్చేస్తుంది. ఆ కాగితం మడత, బ్లేడును పట్టి ఉంచే మైనపు చుక్కలు, సెంట్ పీటర్స్‌బర్గ్‌లో తయారైందన్న అక్షరాలు. బావ దగ్గరా ఇలాంటి సరంజామానే ఉంది. ఫెదర్ 1932లో సెకి అనే ఊళ్ళో పుట్టింది, అది వందల ఏళ్ళుగా సమురాయ్ కత్తులు చేసిన ఊరు, అందుకే ఆ పదును అని ఆయన ఎవరికైనా చెబుతారు. కత్తుల కమ్మరికీ ఫ్యాక్టరీ పట్టీ ఉక్కుకీ ఏం చుట్టరికమని నేను ఎగతాళి చేస్తాను. నా సెంట్ పీటర్స్‌బర్గ్ మోజును మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. పేరు తీసేశాక నా చెంప రెండు బ్లేడులకీ తేడా చెప్పలేకపోతే? ఇన్నాళ్ళ నా కచ్చితత్వం కాగితం మీదిదని తేలిపోతే? అందుకే వద్దన్నాను. ఇప్పటికీ ఒప్పుకోలేదు.

ఒప్పుకున్న మనిషి ఒకరున్నారు. ఎం.ఐ.టి.లోనే జాన్‌లూకా రోషోలి అనే పరిశోధకుడు తన గడ్డం తానే గీసుకుని, గీసిన ప్రతిసారీ బ్లేడును తీసుకెళ్ళి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టాడు. ఉక్కు వెంట్రుక కన్నా 50 రెట్లు గట్టిది. అయినా మొద్దుబారుతుంది. అంచు అరిగి గుండ్రబడుతుందని అందరం అనుకుంటాం. ఆయనకి అక్కడక్కడా చిట్లి ఊడిపోయిన పెచ్చులు కనిపించాయి. వెంట్రుక వంగి ఏటవాలుగా తగిలినప్పుడు, ఉక్కు లోపలి అమరిక సమంగా లేనిచోట అంచు పెచ్చు లేస్తుందని ఆయన బృందం 2020లో సైన్స్ పత్రికలో ప్రచురించింది. ఆయనా తన గడ్డమే గీసుకున్నాడు, నాలాగే. కాకపోతే గీసుకున్నాక ఆయన చూసింది బ్లేడును. నేను అద్దంలో నన్ను చూసుకుని బ్లేడు మీద తీర్పు రాస్తున్నాను. ఆ పరిశోధనను బట్టి చూస్తే, వెంట్రుక ఎలా వంగింది, బ్లేడు ఏ కోణంలో వచ్చింది అన్నదాన్ని బట్టి ఒకే పొట్లంలోని రెండు బ్లేడులు నా ఒక్క ముఖం మీదే రెండు రకాలుగా చావొచ్చు. అప్పుడిక బావకీ నాకూ ఏకాభిప్రాయం ఎక్కడ? నిన్నటి నాకూ ఇవాళ్టి నాకూ లేదు.

ఇంతసేపూ నా చెంప గురించే మాట్లాడాను. బ్లేడు నా చెంప దగ్గర ఆగదు. సోడా మూతలు కనిపెట్టిన విలియం పెయింటర్ దగ్గర పనిచేసిన కింగ్ జిల్లెట్‌కి, ఒకసారి వాడి పారేసే వస్తువు ఏదైనా కనిపెట్టమని ఆయనే సలహా ఇచ్చాడట. 1904లో ఆ పారేసే బ్లేడుకి పేటెంటు వచ్చింది. ఎక్కడ పారేయాలన్నది మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. అమెరికాలో పాత ఇళ్ళ బాత్‌రూముల్లో మందుల బీరువా వెనక సన్నటి చీలిక ఉండేది, అందులోంచి వాడిన బ్లేడు గోడ సందులోకి జారిపోయేది. ఆ గోడలు కూల్చినప్పుడు తుప్పుపట్టిన బ్లేడులు రాలేవి. మనకి గోడ చీలికలు లేవు, చెత్తబుట్టే. నా చెంపకి మొద్దుబారిన బ్లేడు చెత్త వేరుచేసే మనిషి వేలికి మొద్దు కాదు.

మీరు ఏ బ్లేడైనా వాడండి. మూతున్న రేకు డబ్బా ఒకటి తీసుకుని, మూతకి సన్నగా గాటు పెట్టి, వాడిన బ్లేడులు అందులో వేయండి. నిండాక గాటు మీద టేపు అంటించి, తడి చెత్తలోనూ పొడి చెత్తలోనూ కలపకుండా, లోపల బ్లేడులున్నాయని మునిసిపాలిటీ బండి మనిషికి నోటితో చెప్పి చేతికివ్వండి.