స్పానర్ ఎవరి చేతిలో?

అవినాశి రోడ్డు మీదుగా కోయంబత్తూరులోకి వస్తుంటే జి.డి. నాయుడు గారి మ్యూజియం కనిపిస్తుంది. మన తెలుగింటి మనిషి. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒకే ఒక్క బస్సుతో రవాణా వ్యాపారం మొదలుపెట్టారు. మోటారు విప్పి, బిగించి పని నేర్చుకున్నవారు కనుకనే, 1945లో సాంకేతిక విద్యాలయం పెట్టించినప్పుడు నాలుగేళ్ల చదువుకు రెండేళ్లు చాలని పట్టుబట్టారు. ప్రభుత్వం ఒప్పుకోకపోతే అక్కడి ప్రిన్సిపాల్ పదవే వదిలేశారు. తొందరపెడితే అరకొర పనివాళ్లు తయారవుతారనే భయం సబబే. కానీ స్పానర్ తన చేతిలోనే ఉంచుకునే పెద్ద దగ్గర పదేళ్లున్నా పని రాదు. నేర్చుకునే కుర్రవాడి చేతిలో మర తప్పి బోల్టు బిగుసుకున్నప్పుడు కసరకుండా, "కాస్త వెనక్కి తిప్పు నాయనా" అనే ఓపికే అసలైన గురువు లక్షణం. బోల్టు పాడైతే ఇంకోటి కొనుక్కోవచ్చు. కసిరితే ఆ కుర్రవాడు మళ్లీ ప్రశ్న అడగడు.