బ్యాటర్ మనసు, అంపైర్ తీర్పు

క్రికెట్‌లో చాలా ఔట్లకు బ్యాటర్ మనసుతో పని లేదు. బంతి వికెట్లకు తగిలిందా, ఫీల్డరు పట్టాడా అన్నదే లెక్క. 37వ నిబంధన కింద వచ్చే ‘అబ్‌స్ట్రక్టింగ్ ద ఫీల్డ్’ సంగతి వేరు. బ్యాటర్ మాటతోగానీ చేతతోగానీ ఫీల్డింగ్ జట్టుకు కావాలని అడ్డుపడితేనే ఔట్. ‘కావాలని’ అన్న ఆ ఒక్క మాట అంపైర్‌ను తత్వశాస్త్రంలోని పాత చిక్కులోకి దించుతుంది: ఎదుటివాడి ఉద్దేశం బయటివాడికి ఎలా తెలుస్తుంది?

2019 మే 8న విశాఖపట్నంలో జరిగిన ఐపీఎల్ ఎలిమినేటర్ మ్యాచ్‌లో ఈ చిక్కు చివరి ఓవర్లో ఎదురైంది. సన్‌రైజర్స్ హైదరాబాద్ చేసిన 162 పరుగులను దాటడానికి ఢిల్లీ క్యాపిటల్స్ ఇంకో రెండు పరుగుల దూరంలో ఉంది. అమిత్ మిశ్రా బ్యాటుకు బంతి అందలేదు. అయినా పరుగుకు లేచాడు. కీపర్ సాహా విసురు వికెట్లను తప్పింది. బౌలర్ ఖలీల్ అహ్మద్ బంతి అందుకుని రెండో కొస వికెట్లకు గురిపెడితే, దారి మార్చి పరుగెత్తుతున్న మిశ్రాకు అది తగిలింది. రీప్లేలు చూసి మూడో అంపైర్ ఔట్ ఇచ్చాడు. ఐపీఎల్‌లో అంతకు ముందు ఇలా ఔటైనవాడు యూసుఫ్ పఠాన్ ఒక్కడే, 2013లో. మరుసటి బంతికే కీమో పాల్ ఫోర్ కొట్టడంతో ఢిల్లీ గెలిచింది, వివాదం పెరగలేదు. ఓడి ఉంటే ఆ తీర్పును ఏళ్ల తరబడి తవ్వేవాళ్లు.

ఉద్దేశం గురించిన ఈ ప్రశ్న క్రికెట్ కంటే చాలా పాతది. ఘంటసాల, భట్టిప్రోలు, అమరావతి స్తూపాల నడుమ బతికిన కృష్ణా డెల్టా బౌద్ధానికి ఉద్దేశమే ధర్మచర్చకు కేంద్రం. బుద్ధుడు కర్మ అంటే చేతనే అన్నాడు, అంటే సంకల్పమే. శరీరంతో చేసిన పనికే బరువెక్కువ అన్న నిర్గ్రంథుల (జైనుల) వాదాన్ని ఆయన ఒప్పుకోలేదని ఉపాలి సుత్తం చెబుతుంది. భిక్షువుల నియమావళి అయిన వినయంలోనూ, తెలియక జరిగిన చాలా పనులకు దోషం అంటదు. అక్కడ విచారణ పద్ధతి గమనించదగ్గది. భిక్షువు మీద సందేహం వస్తే, ఆ క్షణంలో నీ మనసులో ఏముందని బుద్ధుడు అతణ్ణే అడుగుతాడు. అతని జవాబును బట్టి నిర్ణయం. సంఘంలో ఉన్నవాడు అబద్ధమాడడన్న నమ్మకం మీద ఆ పద్ధతి నిలబడింది. రెండు పరుగులు కావలసిన బ్యాటర్‌ను అంపైర్ అలా అడగలేడు. అతనికి మిగిలేది అనుమానం ఒక్కటే, తర్కశాస్త్రం చెప్పే అర్థంలో: కనిపించే గుర్తును బట్టి కనిపించనిదాన్ని ఊహించడం.

ఆ శాస్త్రానికి మూలపురుషుల్లో ఒకడైన దిఙ్నాగుడికి తెలుగు నేలతో సంబంధముంది. ఏడో శతాబ్దంలో ఆంధ్రదేశానికి వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్, వేంగి దగ్గరి ఒక కొండ మీద దిఙ్నాగుడు హేతువిద్యా గ్రంథం రాశాడని విన్నట్టు నమోదు చేశాడు. వేంగి అంటే నేటి ఏలూరు దగ్గరి పెదవేగి. దిఙ్నాగుడి లెక్కలో హేతువుకు, అంటే ఊహకు ఆధారమైన గుర్తుకు, మూడు లక్షణాలుండాలి: విచారిస్తున్న చోట అది ఉండాలి, అలాంటి ఇతర సందర్భాల్లో కనిపించాలి, వ్యతిరేక సందర్భాల్లో ఎక్కడా ఉండకూడదు. అతని సంప్రదాయంలోని ధర్మకీర్తి ‘సంతానాంతరసిద్ధి’లో, మన చేష్టలకు ముందు మన సంకల్పం ఉంటుంది గనుక ఇతరుల చేష్టల వెనుకా మనసు ఉందని ఊహించవచ్చన్నాడు.

మిశ్రా కేసుకు మూడో లక్షణమే గీటురాయి. దారి మారడం ఉద్దేశానికి గుర్తు అనుకుందాం. ఉద్దేశం లేకుండానూ దారి మారదా? కాలు జారితే, ఎదురొచ్చే బౌలర్‌ను తప్పుకుంటే, దెబ్బ తగలకుండా ఒదిగితే మారుతుంది. అందుకే 2011లో ఐసీసీ వన్డే ఆటకు చేర్చిన షరతు, తగిన కారణం లేకుండా దారి మార్చి రనౌట్ ప్రయత్నాన్ని అడ్డుకుంటే ఔట్ అంటుంది. ‘తగిన కారణం లేకుండా’ అన్న మాట వ్యతిరేక సందర్భాలను ఏరిపారేస్తుంది. గాయం తప్పించుకునే ప్రయత్నానికి 37వ నిబంధనలోనే మినహాయింపు ఉంది. నిబంధన రాసినవాళ్లు దిఙ్నాగుణ్ణి చదివి ఉండరు. నడిచింది మాత్రం ఆ బాటలోనే.

బేస్‌బాల్ ఇదే చిక్కును రెండుగా చీల్చింది. బ్యాటు తగిలి వచ్చే బంతిని అందుకోబోయే ఫీల్డర్‌కు రన్నర్ అడ్డొస్తే ఉద్దేశంతో నిమిత్తం లేకుండా ఔట్; ఫీల్డర్ విసిరిన బంతికి అడ్డుపడితే అది కావాలని చేసిందై ఉండాలి. 1978 వరల్డ్ సిరీస్ నాలుగో ఆటలో విసిరిన బంతి రెజీ జాక్సన్ తుంటికి తగిలినప్పుడు అంపైర్లు దాన్ని కావాలని అడ్డుపడటంగా తేల్చలేదు. ఆ ఆటను యాంకీస్ 4-3తో గెలిచారు. జాక్సన్ తుంటి కదిపాడా లేదా అన్న వాదన ఇంకా తెగలేదు.

ఇక్కడ ఒక తేడా గట్టిగా పట్టుకోవాలి. అంపైర్ ఇచ్చే ఔట్ ఆటలోని ఫలితాన్ని తేలుస్తుంది. చేతన మీద తీర్పు, బౌద్ధం ప్రకారమైతే, చేసినవాడి దగ్గరే ఉంటుంది. కనిపించిన గుర్తులను నిజాయితీగా తూచిన అంపైర్ పొరబడినా ధర్మం తప్పలేదు. అలాగే మూడో అంపైర్ ఔట్ అన్నంత మాత్రాన మిశ్రాను మోసగాడనడం తగదు. రీప్లేల్లేని మ్యాచ్‌లో ఒంటరిగా తేల్చుకోవలసిన స్థానిక అంపైర్‌కు ఈ తేడా మరీ అవసరం.

నిబంధనలు ఇంకో ద్వారం కూడా తెరిచి ఉంచాయి. ఈ ఔట్ అప్పీలు మీదే ఇస్తారు. తర్వాతి బంతి ఆటలోకి రాకముందే, అంపైర్ సమ్మతితో ఫీల్డింగ్ కెప్టెన్ ఆ అప్పీలును వెనక్కి తీసుకోవచ్చు.